దండెం మీద అల

ధ్రువణం పాఠం వచ్చిందంటే నల్లబల్ల మీద నేను గీసే బొమ్మ ఒకటే. ఎడమవైపు తాడు పట్టుకున్న చెయ్యి, మధ్యలో నిలువు కర్రల కంచె, కుడివైపు తాడు రెండో కొస. తాడును పైకీ కిందికీ ఆడిస్తే అల కర్రల సందులోంచి దాటిపోతుంది. పక్కలకు ఆడిస్తే కర్రలకు తగిలి ఆగిపోతుంది. "ఇంతే. వెలుగైనా ఇంతే, రేడియో అయినా ఇంతే" అని చెప్పి చేతికంటిన సుద్ద దులుపుకునేదాన్ని. ఇరవై ఏళ్లకు పైగా ఆ కంచె గీశాను. పరీక్షలో ఆ బొమ్మ గీసినవాళ్లందరికీ పూర్తి మార్కులు వేశాను.

మాది సాలూరు. అరకులో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కోపిష్టిదాన్నని పిల్లలు అంటారు, అబద్ధమేమీ కాదు. తప్పు జవాబు చెబితే ఓర్చుకుంటాను గాని "సుమారుగా అంతే కదా మేడమ్" అంటే ఓర్చుకోలేను. మామూలుగా పుస్తకాల తెలుగే మాట్లాడతాను. కోపం వచ్చిందా, సాలూరు బయటికొచ్చేస్తుంది.

ఆ కంచెను నా చేతే తుడిపించిన మనిషి ఒకావిడ ఉంది. కొండమీది చిన్న ఊళ్లో ఆశా కార్యకర్త. ఎనిమిదో తరగతితో బడి మానేసింది. ఆవిడ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆవిడ గురించి రాస్తే ధ్రువణం గురించీ రాయాల్సిందే, ఎందుకంటే అది నాకు ఆవిడ ఇంటి వాకిట్లోనే అర్థమయింది.

ఆ ఊరికి ఫోను సిగ్నలు లేదు. ఊరి కింద వాలంతా కాఫీ తోట. తోటకు నీడగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియాల తీగలు. వాలు దిగితే తారు రోడ్డు, రోడ్డు పక్కన ఆరోగ్య ఉపకేంద్రం, అందులో ఒక నర్సమ్మ. నర్సమ్మకు ఫోను పలుకుతుంది, అంబులెన్సును పిలవగలదు. కాని పైన ఎవరికైనా నొప్పులు వస్తే ఆ సంగతి నర్సమ్మకు చేరాలంటే ఒక మనిషి కాళ్లతో దిగి రావాలి.

నేను అక్కడికి వెళ్లక ముందటి ఏడాది వానల్లో ఆశా కార్యకర్త సొంత చెల్లెలికే నొప్పులు వచ్చాయి. డోలీ కట్టి దింపారు. కబురు చెప్పడానికి ముందు పరిగెత్తినవాడు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. డోలీ రోడ్డుకు చేరేసరికి అక్కడ బండీ లేదు, మనిషీ లేడు. ఆదివారం, నర్సమ్మ సెలవు. రోడ్డు మలుపులో, వానలో, అక్కాచెల్లెళ్లు బండి కోసం చూస్తూ కూర్చున్నారు. చెల్లెలు బతికింది. బిడ్డ బతకలేదు.

ఆ తర్వాత ఆశా కార్యకర్త ఊరుకోలేదు. కనబడిన ప్రతి ఆఫీసులోనూ అడిగింది. చివరికి ఒక స్వచ్ఛంద సంస్థ రెండు రేడియో సెట్లు ఇచ్చింది, ఒకటి పైన, ఒకటి ఉపకేంద్రంలో. ఇవ్వడం కూడా పరీక్ష కిందే. మార్చి నెలాఖరుకు మాట స్పష్టంగా వినబడితే సెట్టు ఊరికి ఉంటుంది, లేకపోతే వేరే ఊరికి పట్టుకుపోతారు. అడిగే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ సంస్థలో ఇంజనీరు నా పాత విద్యార్థి. వాడు ఫోను చేసి, "మేడమ్, పైనున్న సెట్టు సరిగ్గా పలకడం లేదట. నేను విశాఖలో ఇరుక్కుపోయాను. ఒక్కసారి వెళ్లి చూస్తారా? చెల్లెలికి మళ్లీ నెల తప్పింది, వానల్లోనే కాన్పు. ఈ సెట్టు పోతే ఆవిడ ముఖం చూడలేను" అన్నాడు.

నేను వెళ్లింది ఒక ఆదివారం పొద్దున్న. వారం పదిరోజుల కిందట నాలుగు చినుకులు పడ్డాయేమో, కాఫీ అంతా ఒక్కసారే పూసి ఉంది. ఆ వాసనకు మనసు మెత్తబడాలి గాని, ఎక్కుడుకు నాకు ఆయాసం వచ్చి చిరాకు ఎక్కువైంది. ఊళ్లోకి అడుగుపెట్టగానే కనబడిన దృశ్యం ఇదీ: ఇంటి ముందు రెండు గుంజల మధ్య కట్టిన వెదురు దండెం. దాని మీద ఒక తువ్వాలు, ఒక జాకెట్టు, వాటి పక్కన పురికొసతో నీటుగా కట్టి పడుకోబెట్టిన ఆంటెనా. గజం పొడవు కడ్డీ, నడుమ నుంచి నల్ల తీగ.

"ఏటమ్మా ఇది? ఆంటెనాని బట్టల్తో ఆరేసినావేటి?" అన్నాను. సాలూరు అప్పుడే బయటికి వచ్చేసింది.

ఆశా కార్యకర్త సన్నగా, గట్టిగా ఉండే మనిషి. నవ్వలేదు, నొచ్చుకోలేదు. "కడ్డీ మీద బట్ట ఏయనేదు మేడమ్. పక్కన ఏసినాను. గెడ పాతమన్నారు గాని నేల తవ్వకూడదన్నారు మా మావ" అంది.

మావంటే ఆవిడ మామగారు. ఆ ఊరికి దిసారి. విత్తనానికి, పెళ్లికి, ఇంటి గుంజకు రోజు చూసి చెప్పే పెద్ద. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఇంజనీరు వదిలి వెళ్లిన ఇనప గొట్టం గోడకు చేర్చి ఉంది. విత్తనాల పండుగ అయ్యేదాకా ఊళ్లో ఎవరూ నేలలోకి గునపం దించకూడదట. పండుగ వచ్చే నెలలో. సంస్థ గడువు ఈ నెలలో.

"ఒక్క గొయ్యి తాతా. జానెడు గొయ్యి" అన్నాను.

"పండగ ముందర నేలతల్లి బాలింతరాలినాగ నిద్దరోతాది మేస్టరమ్మా. నిద్దరోయే బాలింతని గునపంతో పొడిసి లేపుతామేటి?" అన్నాడు ఆయన.

నాకు కోపం వచ్చింది. మాట బాగుంది కాబట్టి ఇంకా వచ్చింది.

సెట్టు ఆన్ చేసి, నా కోసం ఆ ఆదివారం సెలవు మానుకుని కింద ఉపకేంద్రంలో ఉన్న నర్సమ్మను పిలిచాను. హోరు వినబడింది, ఆ హోరు అడుగున ఎక్కడో మనిషి గొంతు. నర్సమ్మ ఏదో అంటోందని తెలుస్తోంది, ఏమంటోందో తెలియడం లేదు. జబ్బు ఏమిటో నాకు అప్పటికే తెలిసిపోయింది. కింద ఉపకేంద్రం డాబా మీద ఆంటెనా నిలువుగా ఉంటుంది, వస్తూ చూశాను. ఇక్కడ అడ్డంగా ఉంది. పుస్తకంలో ఉన్న తప్పు పుస్తకంలో ఉన్నట్టే కళ్లముందు దొరికితే లెక్చరర్‌కు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. చిరాకంతా పోయి అరుగు మీద కూర్చుని పాఠం మొదలుపెట్టాను.

వినడానికి నలుగురం ఉన్నాం, నాతో కలిపి. దిసారి, ఆశా కార్యకర్త, గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్న చెల్లెలు. చెల్లెలికి అప్పటికి ఐదో నెల కావచ్చు. ఆ అమ్మాయి తలెత్తి చూసేది కాదు, చేతులు మాత్రం ఆగేవి కావు.

"చెరువులో రాయి వేస్తే అల గుండ్రంగా వస్తుంది కదా. చాలా దూరం పోయాక ఆ గుండ్రంలో మన ముందుకు వచ్చే ముక్క తిన్నగానే కనిపిస్తుంది. రేడియో అల కూడా అంతే. కింద కడ్డీ దగ్గర బుడగలాగా బయల్దేరి, ఇక్కడికి వచ్చేసరికి చదునైన పలకలాగా అవుతుంది. ఒక పలక వెనక ఇంకో పలక. దాన్నే సమతల తరంగం అంటాం. ఆ పలకలో ఒక ఊపు ఉంటుంది. అల మన వైపు వస్తుంది గాని, ఊపు మన వైపు ఊగదు, అడ్డదిశలో ఊగుతుంది. నిలువుగానైనా ఊగొచ్చు, పడుకునైనా ఊగొచ్చు. ఎటు ఊగుతుందో అదే దాని ధ్రువణం. కింద కడ్డీ నిలబడి ఉంది కాబట్టి ఊపు నిలువు. మీ కడ్డీ పడుకుని ఉంది. నిలువుగా ఊగేది పడుకున్నదాన్ని ఎలా ఊపుతుంది?"

దిసారి చుట్ట తీసి ఉమ్మేశాడు. ఆశా కార్యకర్త, "కంటికి కనపడేది ఏదైనా ఉంటాదా మేడమ్?" అంది.

ఉంది. నా చలవ కళ్లజోడు పోలరాయిడ్‌ది. నా పాత ఫోను వెలిగించి ఆవిడ చేతికిచ్చి, కళ్లజోడు దాని ముందు పట్టుకుని చూడమన్నాను. మామూలుగా కనిపించింది. కళ్లజోడును మెల్లగా తిప్పించాను. ఒక వాటానికి వచ్చేసరికి ఫోను మొత్తం నల్లబడిపోయింది. ఆవిడ ఉలిక్కిపడి కళ్లజోడు తీసేసింది. ఫోను వెలుగుతూనే ఉంది. మళ్లీ పెట్టింది, మళ్లీ చీకటి.

"ఫోనులోంచి వచ్చే వెలుగు ఒకే వాటంలో ఊగుతుంది. కళ్లజోడు ఒకే వాటాన్ని రానిస్తుంది. రెండూ కలిస్తే వెలుగు, కలవకపోతే చీకటి. ఆంటెనాలూ అంతే. రెండూ ఒకలాగే ఉండాలి" అన్నాను.

ఆవిడ కళ్లజోడు నాకు తిరిగివ్వలేదు. అలాగే పట్టుకుని ఏదో చూసుకుంటూ ఉంది. నేను పట్టించుకోలేదు, నా పాఠం అయిపోయింది.

నేలను పొడవకుండా ఆంటెనాను నిలబెట్టడం ఎలా అన్నది ప్రశ్న. వాకిటి చివర పనసచెట్టు ఉంది. "చెట్టు ముందే నేలలో ఉంది కదా తాతా, దానికి కడితే తప్పా?" అన్నాను. దిసారి చెట్టు మొదలు వైపు చూసి, తప్పు కాదన్నాడు. దండెం మీంచి విప్పి, పనస కొమ్మకు బయటికి వచ్చేలా నిలువుగా కట్టాం. నేను గెలిచిన దానిలా సెట్టు నొక్కాను.

గొంతు కాస్త పెరిగింది, అంతే. "మే... ... నబడుతు... ..." అని రెండు ముక్కలు వచ్చి మళ్లీ హోరు. బ్యాటరీ చూశాను. తీగ అతుకులు చూశాను. కొమ్మ మార్చాను. నర్సమ్మ నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడడం లేదేమోనని నర్సమ్మను తిట్టాను, ఆవిడకు అదీ వినబడలేదు.

"మద్దెలో తోట ఉంది మేడమ్. మాన్లు అడ్డమేమో" అంది ఆశా కార్యకర్త.

"చెట్లు నిలువుగా ఉన్నాయమ్మా. మన అల కూడా నిలువే. నిలువు కర్రల కంచెలోంచి నిలువు అల దాటిపోతుంది" అన్నాను. గాలిలో నా కంచె గీసి కూడా చూపించాను.

దిసారికి ఆ ఒక్క ముక్కా బాగా నచ్చింది. "అవునవును. తోటలోంచి పొడుగెదురు పట్టుకుని ఎల్లినప్పుడు అడ్డంగా పట్టుకుంటే మాన్లకి తగిలి ఇరుక్కుపోద్ది. నిలబెట్టి పట్టుకుంటే ఎల్లిపోద్ది" అన్నాడు. అప్పటిదాకా నాకు అడ్డంపడిన మనిషి నా పాఠాన్నే నాకంటే బాగా చెప్పాడని సంబరపడ్డాను. రోజులు చూసే ఆయనా, పాఠాలు చెప్పే నేనూ ఒక్కటయ్యాం.

ఆశా కార్యకర్త మాత్రం గడప పక్కన కూర్చుని ఫోనుతోనే ఉంది. ఒక చేత్తో కళ్లజోడు కదలకుండా పట్టుకుంది. రెండో చేత్తో ఫోను తిప్పుతోంది. నేను కళ్లజోడు తిప్పమన్నాను, ఆవిడ ఫోను తిప్పుతోంది. చీకటి, వెలుగు, చీకటి, వెలుగు. తర్వాత లేచి వచ్చింది.

"మేడమ్, కిందదాన్నే పడుకోబెట్టీసి సూద్దారా?"

"ఏటీ?"

"రెండూ ఒకనాగే ఉండాలన్నారు గాని నిలబడే ఉండాలని మీరు సెప్పనేదు కదా. ఇక్కడిది ఎప్పట్నాగే దండెం మీద పెట్టీసి, కిందదాన్ని పడుకోబెడితే?"

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తు, సిగ్గుతో గుర్తు. కింద ఆంటెనా ఇంజనీరు బిగించింది. నిలువుగా బిగించడం పద్ధతి. పైగా అడ్డపు అల చెట్లలోంచి ఎలా వస్తుంది? తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న బాపతు నేను. "నాకే పాఠం సెప్తన్నావేటమ్మా?" అన్నాను.

"మీ పాఠమే మేడమ్" అంది ఆవిడ.

ఎకసెక్కం కాదు. నిజంగానే నా పాఠాన్ని నాకంటే శ్రద్ధగా విని, నేను ఆగిన చోట ఆగకుండా ఒక అడుగు ముందుకు వేసింది. నేను ఇంకా ఏదో అనబోతుంటే గడపలోంచి చెల్లెలు మొదటిసారి నోరు విప్పింది. "ఒక్కపాలి సూడండి మేడమ్" అంది. అంత చిన్న గొంతు. దాని ముందు నా పద్ధతులేవీ నిలబడలేదు.

పనసచెట్టు మీంచి విప్పి ఆంటెనాను మళ్లీ దండెం మీద కట్టాం. తువ్వాలు, జాకెట్టు తీసేయించాను. దండెం లోయకు అడ్డంగా ఉండడం అదృష్టం. పడుకున్న కడ్డీ కొస లోయ వైపు చూపిస్తే అటు ఏమీ పోదు. దిసారికి సెట్టు మీట ఎలా నొక్కాలో, ఎప్పుడు వదలాలో కోడలు రెండుసార్లు చూపించింది. తర్వాత మేమిద్దరం తోటలోంచి దిగాం. ఆవిడ ముందు నడుస్తూ, జారే చోటల్లా ఆగి నాకు చెయ్యి ఇచ్చింది.

ఉపకేంద్రంలో నర్సమ్మ వద్దంది. "ఇంజనీరు గారు బిగించారండీ, మనం ముట్టుకుంటే మాట వస్తాది" అంది. ఆ ఇంజనీరుకు నేను చెవి మెలిపెట్టిన రోజులున్నాయని చెప్పి డాబా ఎక్కాను. పానాతో బిగింపు వదులు చేసి కడ్డీని పడుకోబెట్టి, కొండ వైపుకు అడ్డంగా తిప్పి బిగించాను. కిందికి దిగి సెట్టు దగ్గరికి వచ్చాం. నేను మీట నొక్కకముందే సెట్టు పలికింది.

"హేయ్! హేయ్! పో! దండెం పురికొస నమిలీసినావంటే కాళ్లిరగ్గొడతాను!"

పక్క గదిలోంచి అరిచినట్టు వచ్చింది. హోరు లేదు, కోత లేదు. మేక మెడలో కర్రగంట చప్పుడు కూడా వినబడింది. దిసారి మీట నొక్కి పెట్టి వదలడం మరిచిపోయి మేకను అదిలిస్తున్నాడు. నర్సమ్మ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరికి ఆయన మీట వదిలాక ఆశా కార్యకర్త సెట్టు తీసుకుంది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న వినబడుతోందా అని కాదు.

"మావా, సెల్లి ఏటి సేత్తంది?"

"సింతపండు ఒలత్తంది. నీ మాట ఇంటంది. నవ్వుతంది గుంట."

ఆవిడ సెట్టు బల్ల మీద పెట్టేసి మెట్టు మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, ఎండలో దిగి వచ్చాం కాబట్టి చెమట అనుకోవచ్చు.

నేను ఊరుకునే రకం కాదు. ఒక్కసారి పలికినంత మాత్రాన నమ్మను. రెండూ నిలబెట్టి ఒకసారి, రెండూ పడుకోబెట్టి ఒకసారి, మళ్లీ నిలబెట్టి, మళ్లీ పడుకోబెట్టి చూడాలన్నాను. పైన దిసారి పనసచెట్టుకూ దండేనికీ మధ్య తిరిగి తిరిగి, "ఈ మేస్టరమ్మకి పని నేదేటి" అని మీట నొక్కి పెట్టే గొణిగాడు. ఎన్నిసార్లు మార్చినా జవాబు మారలేదు. నిలువులో ముక్కలు, పడకలో మాట. ఒకటి నిలువు, ఒకటి పడక పెడితే హోరు. ఆ చివరిది నాకు తెలుసు. మొదటి రెండే నా కంచెకు పూర్తిగా విరుద్ధం.

అరకు వెళ్లే జీపు వస్తే ఎక్కకుండా వదిలేశాను. ఒక్కదాన్నే మళ్లీ తోటలోకి వెళ్లి నిలబడ్డాను. మధ్యాహ్నపు ఎండ సిల్వర్ ఓక్ ఆకుల్లోంచి పడుతోంది. కాఫీ పూల మీద తేనెటీగలు. ఒక మాను మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఎందుకు చల్లగా ఉంది? లోపల నీళ్లున్నాయి. వేరు నుంచి చిగురు దాకా పొడుగునా నీళ్లు, ఆ నీళ్లలో ఉప్పులు. అంటే ఇది కర్ర కాదు. నాసిరకందే కావచ్చు గాని, నిలువునా నిలబెట్టిన కరెంటు తీగ.

తాడు అల కర్రను గుద్దుకుంటుంది. రేడియో అల గుద్దుకోదు, లోపలున్నదాన్ని ఊపుతుంది. ఊపు నిలువుగా ఉంటే మాను పొడుగంతా ఊగడానికి చోటు ఉంది. అలా ఊగిన ప్రతి మానూ అలలోంచి కొంత బలం మింగేస్తుంది. ఊపు అడ్డంగా ఉంటే మాను లావు ఎంతని? మూరెడు కూడా లేదు. ఇంచుమించు నా ఎత్తంత పొడవుండే అలకు ఆ కాస్త లావులో ఊపడానికి ఏముంటుంది, పెద్దగా పోగొట్టుకోకుండా దాటిపోతుంది. నిలువు కంచె నిలువు అలను ఆపుతుంది, పడుకున్న అలను పోనిస్తుంది. నా బొమ్మ తలకిందులు.

ఇందులో పెద్ద అవమానం ఇంకొకటి ఉంది. వరసగా ఒకే దిక్కుకు కట్టిన సన్నని లోహపు తీగల జల్లెడకు తీగల పొడవునా ఊగే అల ఆగిపోతుందని, అడ్డంగా ఊగేది దాటుతుందని నాకు తెలుసు. అది కూడా నేను చెప్పే పాఠమే. కంచె ఒక రోజు చెబుతాను, తీగల జల్లెడ ఇంకో వారం చెబుతాను. రెండు పేజీలూ నాకు నోటికి వచ్చు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎన్నడూ చూడలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా.

తోటలో నిలబడి పైకే నవ్వాను. దిసారి వెదురూ, నా తాడూ ఒకే తప్పు చేశాయి. ఇద్దరు పెద్దలం ఒక మాట మీద నిలబడి హాయిగా తప్పులో ఉన్నాం. ఆవిడ మాత్రం ఏ పోలికనూ పట్టుకోలేదు. చెట్లలోంచి ఏ అల దాటుతుందో తనకు తెలుసనుకోలేదు. తెలియనిదాన్ని తెలియదని ఉంచుకుని, చేతిలో ఉన్న రెండు వస్తువుల్ని తిప్పి చూసింది. నేను ఎంతోమంది తెలివైన పిల్లలకు పాఠం చెప్పాను. ఆ ఒక్క పని అంత నెమ్మదిగా, అంత నిజాయితీగా చేసినవాళ్లను చాలా తక్కువ మందిని చూశాను. ఆవిడంటే నాకు ఆ రోజు పుట్టిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు క్లాసులో కంచె గీశాను. గీసి, "ఇది తాడుకు నిజం, రేడియోకు అబద్ధం. ఇన్నేళ్లూ నేను తప్పు చెప్పాను" అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరు కనిపెట్టారు మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. ఒక ఆశా కార్యకర్త అన్నాను. ప్రతి అడవిలోనూ, ప్రతి అలకూ ఇదే జరుగుతుందని రాసేసుకోకండి, సెల్‌ఫోన్ల చిన్న అలలకు ఆకులూ రెమ్మలూ కూడా అడ్డమే అని కూడా చెప్పాను. సుమారుగా చెప్పడం నాకు గిట్టదు కదా.

నెలాఖరున ఇంజనీరు వచ్చాడు. విన్నాడు. "వర్టికలే స్టాండర్డ్ మేడమ్" అని గొణిగాడు గాని సెట్టు అక్కడే వదిలి వెళ్లాడు. విత్తనాల పండుగ అయ్యాక దిసారే గునపం తీసి, ఇనప గొట్టం పాతుకోండి అన్నాడట. కోడలు వద్దంది. కావాలంటే రెండు గుంజలు పాతి ఆంటెనాకు వేరే దండెం కట్టమంది. ఆయన తన చేత్తోనే పాతాడు. ఆ దండెం మీద ఎవరూ నూలుపోగు కూడా ఆరేయరు. మేకను రెండో వైపు కట్టేస్తారు.

వానలు మొదలయ్యాక నాకు నిద్ర పట్టేది కాదు. తడిసిన అడవి ఇంకా ఎక్కువ మింగుతుంది. రోజూ ఒక్కసారి పిలిచి చూసుకోమని ఆవిడకు చెప్పాను. రోజూ పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు పిలిచేదట. "ఉన్నారా నర్సమ్మా?" "ఉన్నానమ్మా." అంతే. సెలవు రోజున నర్సమ్మ వెళ్తే సెట్టు పక్కింటావిడకు అప్పగించి వెళ్లాలని మాట తీసుకుంది. పోయిన ఏటి ఆదివారాన్ని ఆవిడ మరిచిపోలేదు.

కాన్పు అయిందని నర్సమ్మ ఫోను చేసింది. తల్లీ బిడ్డా క్షేమం, ఆడపిల్ల. రెండు వారాలాగి వాన తెరిపిచ్చిన రోజున నేను ఎక్కాను. చెల్లెలు గడపలోనే కూర్చుని ఉంది, ఈసారి చేతుల్లో చింతపండు లేదు. తలెత్తి నన్ను చూసి నవ్వింది. బిడ్డ గుడ్డలు పాత దండెం నిండా ఆరేసి ఉన్నాయి. రెండో దండెం మీద ఒక్క కడ్డీ మాత్రమే ఉంది.

"ఎలా జరిగిందమ్మా?" అని ఆశా కార్యకర్తను అడిగాను. రేడియో ఎలా పలికిందో చెబుతుందనుకున్నాను. ఆవిడకు రేడియో సంగతే గుర్తు లేనట్టుంది.

"దిగతన్నామని సెప్పీసి డోలీ ఎత్తినాం మేడమ్. వోన. తోటంతా బురద. పోయినేడు కూకున్న మలుపు కాడికి వొచ్చేతలికి తలెత్తి సూడ్డానికి బయమేసింది."

చెల్లెలి ఒళ్లో బిడ్డ కదిలితే అటు చూసి, గుడ్డ సరిచేసి, మళ్లీ నా వైపు తిరిగింది.

"సూసినాను. బండి ఉంది మేడమ్. తలుపు తీసే ఉంది."